నెల్సన్ కోర్టు తరహాలో బడి ఆవరణలో గోడబంతి ఆటస్థలం కట్టుకునే విధానం

దక్షిణ వేల్స్‌లోని కేర్‌ఫిల్లీ ప్రాంతంలో, నెల్సన్ అనే ఊరి నడుమ 1860ల నాటి హ్యాండ్‌బాల్, అంటే బంతిని అరచేతితో గోడకు కొట్టి ఆడే గోడబంతి, కోర్టు నేటికీ నిలిచి ఉంది. ఎదురుగా ఎత్తైన గోడ, ఇరుపక్కలా రెండు గోడలు, నాలుగో వైపు ఖాళీ, పైన ఆకాశం. అంతే దాని కట్టడం. ఒకప్పుడు బొగ్గుగని కార్మికులు పందేలు కాసి మరీ అరచేతులతో ఆడిన ఆ ఆటకు ఆదరణ తగ్గినా, కోర్టుకు మాత్రం గ్రేడ్ టూ చారిత్రక కట్టడంగా చట్టరక్షణ ఉంది. సింగరేణి గనులున్న భూపాలపల్లిలో గాని, వరంగల్ చుట్టుపక్కల బడుల్లో గాని ఇటువంటిది తలపెట్టేవారు మూడు గోడలకూ ఒకేసారి పూనుకోవలసిన పని లేదు. ఒక్క గోడ సరిగ్గా కుదిరితే ఆట సాగుతుంది. పక్కగోడల సంగతి నిధులు సమకూరాక చూసుకోవచ్చు.

ఒంటిగోడ ఆటకు అమెరికాలో పాటించే కొలతలు మనకు అనుకూలంగా ఉంటాయి: గోడ వెడల్పు 20 అడుగులు, ఎత్తు 16 అడుగులు, గోడ నుంచి నేల పొడవు 34 అడుగులు. గోడకు 16 అడుగుల దూరంలో నేలపై ఒక అడ్డగీత గీయాలి.

గోడ ఎంపికలోనే అసలు పని ఉంది. ఆటస్థలానికి ఉత్తరపు హద్దులో ఉన్న గోడ ఉత్తమం, ఎందుకంటే ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నపు సూర్యుడు ఆటగాళ్ల వెనుకే ఉంటాడు. పడమటి గోడకు ఆడితే సాయంత్రం పైకి లేచిన బంతి ఎండలో కనబడదు. రెండంతస్తుల భవనానికి కిటికీలు లేని పక్కగోడ దొరికితే ఖర్చు చాలా తగ్గుతుంది, అయితే దాని వెనుక తరగతి గది కాక మెట్లు గాని, సామాన్ల గది గాని ఉండేలా చూడాలి. లేకపోతే బంతి చప్పుడుకు పాఠం సాగదు. వేల్స్‌లో ఈ ఆటను చర్చి గోడలకు ఆడి పెద్దల ఆగ్రహానికి గురైనవారున్నారు. ఖిలా వరంగల్ రాతిగోడలు ఎంత నున్నగా ఊరించినా అవి రక్షిత కట్టడాలు, వాటి జోలికి పోరాదు.

పాత గోడనైతే నాణెంతో జానెడు జానెడు దూరంలో తట్టి చూడాలి. గుల్ల మోత వినిపించిన చోటల్లా ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసిందని అర్థం. అక్కడ తగిలిన బంతి సరిగా ఎగిరి రాదు, కొన్నాళ్లకు పెచ్చు కూడా ఊడుతుంది. ఆ మేరకు చెక్కించి, కొత్త పూత పూయించి, కనీసం వారం రోజులు తడపాలి. కొత్తగా 16 అడుగుల ఒంటరి గోడ లేపడం మేస్త్రీ అంచనాకు వదిలే పని కాదు. గాలి తాకిడికి తట్టుకునే పిల్లర్లు, పునాది లోతు ఇంజనీరే నిర్ణయించాలి. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చే నల్లరేగడిలో చెల్క నేలకు సరిపోయే పునాది నిలవదు.

నేలకు కాంక్రీటు వేసి, వాన నీరు గోడ మొదట్లో నిలవకుండా బయటి వైపుకు స్వల్పంగా వాలు ఇవ్వాలి. పైభాగాన్ని పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో గీరిస్తే కాలు జారదు.

హనుమకొండ దుకాణాల్లో హ్యాండ్‌బాల్ అని అడిగితే గోల్ కొట్టే ఆటకు వాడే పెద్ద బంతి చేతికిస్తారు. పిల్లలకు పిడికిట్లో ఇమిడే మెత్తని రబ్బరు బంతి చాలు. సర్వీసు చేసేవారు అడ్డగీత వెనుక నిలబడి, బంతిని నేలపై ఒకసారి ఎగరేసి అరచేతితో గోడకు కొట్టాలి. అది తిరిగి వచ్చి గీత దాటి, కోర్టు లోపలే పడాలి. ఎదుటివారు అది రెండోసారి నేలను తాకకముందే గోడకు తిప్పి కొట్టాలి. పాయింటు సర్వీసు చేసే పక్షానికే లభిస్తుంది, 21 పాయింట్లు ముందుగా చేరినవారిది గెలుపు.