విండోస్ 10 గడువు తీరిన పాత ల్యాప్‌టాప్: కొత్తది కొనకముందు చూడవలసినవి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ముగించినప్పటి నుంచి చాలా ఇళ్లలో ఒకే ప్రశ్న వినిపిస్తోంది. ఏడెనిమిదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్ ఇంకా పనిచేస్తూనే ఉంది, కానీ విండోస్ 11కు అది పనికిరాదని తెర మీద సందేశం వచ్చింది, ఇప్పుడేం చేయాలి? దుకాణంలో అడిగితే కొత్తది తీసుకోమంటారు. బంధువుల్లో కంప్యూటర్ తెలిసిన కుర్రవాడిని అడిగితే ఒకసారి ఫార్మాట్ కొట్టిస్తే సరిపోతుందంటాడు. మరొకరు అప్‌డేట్లు ఆపేసుకుని హాయిగా వాడుకోమంటారు. ఈ మూడూ యంత్రాన్ని చూడకుండా ఇచ్చిన సలహాలే. లోపం ఏ భాగంలో ఉందో తేలిన తర్వాతే డబ్బు ఖర్చు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు, దానికి ఇంజినీరు కానవసరం లేదు.

అయితే అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు ల్యాప్‌టాప్ నెమ్మదించిందని దగ్గరలోని ఒక దుకాణానికి తీసుకెళ్లారు. అక్కడివారు "ఓఎస్ మళ్లీ వేశాం, ఇక బాగుంటుంది" అని సాయంత్రానికల్లా చేతికిచ్చారు. ఇంటికొచ్చి తెరిస్తే ఆయన రాసుకున్న పద్యవ్యాఖ్యానాలు లేవు. ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ఆయన ధైర్యంగా ఉన్నారు గానీ, ఆయన రోజూ దాచుకున్నది డెస్క్‌టాప్ మీద. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ చేసేది ఆ డ్రైవ్‌నే. పాత పెన్ డ్రైవ్‌లో దొరికిన సగం తప్ప మిగతాది తిరిగి రాలేదు. అందుకే ల్యాప్‌టాప్‌ను ఎవరి చేతికైనా ఇచ్చే ముందు, చివరికి మీరే విప్పబోయే ముందు కూడా, ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకి ఒక ప్రతి, ఇంకో చోటికి మరో ప్రతి తీసి పెట్టుకోండి. సి నుంచి డిలోకి మార్చుకోవడం బ్యాకప్ కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ రెండూ ఒకే డిస్క్‌ను గీత గీసి పంచుకున్న భాగాలు, కాబట్టి డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి.

నెమ్మదికి అసలు కారణం

కంప్యూటర్‌కు వయసు మీద పడితే వేగం తగ్గుతుందని మనలో చాలామంది నమ్ముతారు. ప్రాసెసర్ మనిషిలా ముసలిది కాదు. 2017లో అది ఒక సెకనులో ఎన్ని లెక్కలు చేసిందో, వేడెక్కకుండా ఉంటే ఇప్పుడూ దాదాపు అన్నే చేస్తుంది. మారినవి దాని చుట్టూ ఉన్నవి: బ్రౌజర్లు బరువెక్కాయి, వెబ్ పేజీలు బరువెక్కాయి, ఫ్యాన్ రెక్కలకు దుమ్ము పట్టింది, హార్డ్ డిస్క్ అరిగింది. వీటిలో ఏది మీ యంత్రాన్ని పట్టుకుందో టాస్క్ మేనేజర్ చెబుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే అది తెరుచుకుంటుంది; అందులో పెర్ఫార్మెన్స్ అన్న పేజీని చూస్తూ మీరు రోజూ చేసే పనులే ఓ పది నిమిషాలు చేయండి.

డిస్క్ వాడకం నూరు శాతం దగ్గరే నిలిచిపోయి, ప్రాసెసర్ మాత్రం తీరిగ్గా ఉంటే, మీ సమస్య హార్డ్ డిస్క్. ఆ కాలపు తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కులే వచ్చేవి. అలాంటి డిస్క్‌లో చదివే ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికి, డిస్క్ తిరిగి ఆ చోటు ముల్లు కిందికి రావడానికి సెకనులో వందో వంతు సమయమో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు వందకు మించి అందుకోలేదు. కదిలే భాగాలే లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు పదుల వేల సార్లు చేస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు ఎక్కువగా జరిగేది చిన్న ఫైళ్లను వెతకడమే కాబట్టి, పాత డిస్క్ తీసి సాటా రకం (పాత డిస్క్ తగిలే చోటే తగిలే) ఎస్‌ఎస్‌డీ పెడితే, మూడు నాలుగు నిమిషాలకు గానీ తెరుచుకోని ల్యాప్‌టాప్ అర నిమిషంలో తెరుచుకోవడం నేను స్వయంగా చూశాను. పాత ల్యాప్‌టాప్ మీద పెట్టే ఖర్చుల్లో ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదు. రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీ చాలా మోడళ్లలో పాత డిస్క్ స్థానంలోనే కూర్చుంటుంది. చిన్న పట్టీలా ఉండే ఎం.2 రకం కొనేటట్లయితే మాత్రం మీ మదర్‌బోర్డులో ఆ సాకెట్ ఉందో లేదో, ఉంటే సాటాకా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈకా అన్నది ముందే మోడల్ నంబరుతో చూసుకోవాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

మెమరీ గడి ఎప్పుడూ నిండుగా కనిపిస్తే కొరత ర్యామ్‌ది, అంటే నడుస్తున్న పనులు తాత్కాలికంగా ఉండే చోటుది. 4 జీబీతో ఇప్పుడు బ్రౌజర్ ఒక్కటి నడవడమే కష్టం, ఇంటి పనికి 8 జీబీ సరిపోతుంది. టాస్క్ మేనేజర్‌లోని అదే మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో రాసి ఉంటుంది. ర్యామ్‌లోనూ తరాలు ఉన్నాయి, డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు. పలుచని మోడళ్లలో కొన్నిటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంటారు, వాటికి పెంచే వీలు లేదు.

పని మొదలైన పావుగంటకు వేగం పడిపోయి, ఫ్యాన్ హోరెత్తుతుంటే అది వేడి వల్ల. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము తీయించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్పించాలి. ఇది బోర్డు పోవడం కాదు. "బోర్డు పోయింది" అన్న మాట వినగానే ఏ పరీక్షతో ఆ సంగతి తేల్చారో అడగండి. ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచులను తుడిచి మళ్లీ పెట్టగానే తెర వెలిగిన యంత్రాలు ఎన్నో ఉన్నాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, చేతులు ఆనించే భాగం అంచు విచ్చుకున్నా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపేసి, చార్జర్ తీసేయండి. దాన్ని నొక్కి సరిచేయడం, గుచ్చడం ప్రమాదకరం. మామూలు చెత్తలో వేయకుండా, ఇ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.

విండోస్ 11 నిజంగా రాదా?

విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతుల్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు పెద్ద అడ్డంకులు కావు. అడ్డుపడేవి రెండు: టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ప్రాసెసర్ తరం. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే అనుమతి ఉంది. ఐ5-7200యూ అని ఉంటే గీత తర్వాతి అంకె 7 కాబట్టి ఏడో తరం, ఐ5-8250యూ అని ఉంటే ఎనిమిదో తరం. ఏఎండీ ప్రాసెసర్ల పేర్లలో ఇంత సూటి లెక్క కుదరదు కాబట్టి మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత సాధనంతో చూసుకోవడం మేలు.

ఎనిమిదో తరం ఉండి కూడా పనికిరాదన్న సందేశం వస్తే నిరాశపడకండి. చాలా యంత్రాల్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు మేలుకునే మూల సెట్టింగుల్లో) ఆపి ఉంటుంది. ఇంటెల్ వాటిలో పీటీటీ అని, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అని కనిపించే మీటను ఆన్ చేస్తే చాలు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ లెగసీ (పాత పద్ధతి) అని ఉంటే మాత్రం తొందరపడి కొత్త పద్ధతైన యూఈఎఫ్‌ఐకి మార్చకండి. పాత పద్ధతిలో విభజించిన డిస్క్‌ను ముందుగా జీపీటీ అనే కొత్త విభజన పద్ధతికి మార్చకపోతే విండోస్ అసలు మొదలవదు.

బయోస్‌లో వేలు పెట్టే ముందు ఇంకో జాగ్రత్త తప్పనిసరి. మీకు తెలియకుండానే మీ డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ గుప్తీకరణ తాళం పడి ఉండవచ్చు. బయోస్ మార్పును అది దొంగతనంగా అనుమానించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టినప్పుడు, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ యంత్రాలను లేపడానికి ఎన్నో కార్యాలయాలు ఈ కీల కోసమే వెతుక్కున్నాయి. అప్‌డేట్లు వద్దనేవారు ఈ ఉదంతాన్నే చూపిస్తారు. నేను దాన్నుంచి గ్రహించింది వేరు: భద్రతా అప్‌డేట్లు వేసుకోవాలి, కానీ పరీక్ష ముందు రోజునో, పన్ను రిటర్ను చివరి తేదీనో కాదు; బ్యాకప్, కీ రెండూ చేతిలో పెట్టుకుని వేసుకోవాలి. బయోస్ అప్‌డేట్ అయితే బ్యాటరీ బాగుండి, చార్జర్ కూడా పెట్టి ఉన్నప్పుడే చేయాలి, ఎందుకంటే మధ్యలో కరెంటు పోయి యంత్రం ఆగితే నిజంగానే బోర్డు పోతుంది.

ఏడో తరమో అంతకు ముందుదో అయితే మూడు దారులు ఉన్నాయి. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 వాడే గృహ వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందించే పొడిగింపు ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుని, సెట్టింగ్స్ బ్యాకప్‌కు ఒప్పుకుంటే దానికి డబ్బు కట్టనక్కరలేదు. రెండోది లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థ. పెన్ డ్రైవ్ నుంచే నడిపించి, వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయో చూసుకున్న తర్వాతే డిస్క్‌లోకి ఎక్కించుకోవచ్చు. బ్రౌజర్, ఉత్తరాలు, వీడియోలతో సరిపెట్టుకునేవారికి ఇది హాయిగా ఉంటుంది. ట్యాలీ మీద, డిజిటల్ సంతకం టోకెన్ల మీద ఆధారపడేవారికి ఇబ్బందే. మూడోది, షరతులను దాటవేసి విండోస్ 11 ఎక్కించడం. దుకాణాల్లో ఇది మామూలైంది గానీ, అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. దానితోపాటు ఊరూ పేరూ లేని యాక్టివేటర్ (లైసెన్సు లేని విండోస్‌ను అసలైనదిగా చూపించే ప్రోగ్రాం) కూడా వేసి ఇస్తే తీసుకోకండి, బ్యాంకు ఖాతా తెరిచే యంత్రంలో అలాంటిదానికి చోటు ఇవ్వకూడదు. అసలైన విండోస్ 10 ఉన్నవారికి, యంత్రం అర్హమైతే, 11 ఉచితంగానే వస్తుంది.

తెలుగు రాతల సంగతి

ఇంగ్లిష్ మార్గదర్శకాల్లో కనిపించని చిక్కు ఇది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో మన తెలుగు ఫాంటు గౌతమి, విండోస్ 7తో వాణి వచ్చింది. విండోస్ 10 నుంచి ఈ రెండింటినీ ఐచ్ఛికం చేసి, తెలుగును నిర్మల యూఐ అన్న ఫాంటుకు అప్పగించారు. కొత్తగా ఓఎస్ వేసిన తర్వాత మీ పాత పత్రాల్లో అక్షరాల తీరు, పుటల లెక్క మారిపోతే కంగారు పడకుండా, సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్నదాన్ని చేర్చుకోండి. గౌతమి, వాణి తిరిగి వస్తాయి.

గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ విండోస్ ప్రతిని గూగుల్ ఏనాడో ఆపేసింది; దాని పాత ప్రతులను తెలియని సైట్ల నుంచి దింపుకోవడం మంచిది కాదు. ఆ అవసరం కూడా లేదు, 2019 మే నాటి అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనంతో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు మూడూ దొరుకుతాయి.

అసలు జాగ్రత్త పడవలసినవారు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు, కరపత్రాలు కూర్చిన డీటీపీ మిత్రులు. ఆ రాత యూనికోడ్ (అన్ని యంత్రాలూ గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని యంత్రంలో అది అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. పాత యంత్రం ఇంకా నడుస్తుండగానే ప్రతి పుస్తకాన్ని పీడీఎఫ్‌గా తీసిపెట్టుకోండి, తర్వాత వచనాన్ని యూనికోడ్‌కు మార్పించి, ఒత్తులు, పొల్లులు ఒకసారి సరిచూసుకోండి. ఈ పని పూర్తయ్యేదాకా ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా అలాగే ఉంచుకోవడం తప్పేమీ కాదు.

కొన్న భాగమే చెడ్డదైతే

కొత్త ఎస్‌ఎస్‌డీ గానీ, చివరికి కొత్త ల్యాప్‌టాపే గానీ మొదటి వారాల్లో మొరాయించవచ్చు. బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, ఆ కాగితమే మీ హక్కు. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి, క్రమసంఖ్య బిల్లు మీద ఉందో లేదో చూడండి. లోపం కనిపించిన రోజే ఫొటోతో సహా దుకాణానికి, తయారీదారుకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోన్‌లో చెప్పిన మాటకు ఆధారం మిగలదు. సర్వీస్ సెంటర్‌లో వదిలిన ప్రతిసారీ జాబ్ షీట్ తీసుకుని, మీరు చెప్పిన లోపాన్నే అందులో రాశారో లేదో అక్కడే చదవండి. "చెక్ చేయాలి" అని రాసిన షీటు తర్వాత దేనికీ ఉపయోగపడదు.

ఎవరూ పట్టించుకోకపోతే 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమైన అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు, చాలా వివాదాలు ఈ దశలోనే తెగిపోతాయి. తెగకపోతే, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అమ్మినవారి ఊరు ఏదైనా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా దాఖలు చేసుకోవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలన్నది గడువు. ఫిర్యాదులో దుకాణాన్ని, తయారీదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే తప్పు ఒకరిదంటే ఒకరిదని చేతులు దులుపుకుంటారు.