మళ్లీ లెక్కల్లోకి – 6వ భాగం: కంచం, దారం, రేడియన్

ముందు పోయినసారి ఇచ్చిన రెండు లెక్కల సంగతి చూసేద్దాం. మొదటిది విలోమ ప్రమేయం, అంటే ఇన్వర్స్ ఫంక్షన్. ఒక సంఖ్యని రెట్టింపు చేసి, అందులోంచి 3 తీసేసి, వచ్చినదాన్ని 5తో భాగించాం. దాన్ని వెనక్కి తిప్పాలంటే 5తో గుణించి, 3 కలిపి, సగం చెయ్యాలి. జడ విప్పేటప్పుడు ఆఖరున పెట్టిన రబ్బరు బ్యాండే ముందు తీస్తాం కదా, వరస అలాగే ఉండాలి. రెండోది, √(x−4)ని (x−7)తో భాగిస్తే ఎక్స్‌కి ఏ విలువలు ఇవ్వొచ్చు అన్నది. జవాబు: ఎక్స్ విలువ 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కావచ్చు, 7 మాత్రం కాకూడదు. వర్గమూలం కింద రుణసంఖ్య రాకూడదని అందరికీ గుర్తుంటుంది. హారంలో సున్నా రాకూడదని గుర్తుండదు. అందుకే ఆ లెక్క ఇచ్చాను.

ఈసారి త్రికోణమితిలోకి వస్తున్నాం. కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో నేను చదువుతున్న ఈ ప్రీకాల్క్యులస్ కోర్సుని, అంటే కాల్క్యులస్‌కి ముందు నేర్చుకునే లెక్కల్ని, మొదటిసారి వదిలేసింది సరిగ్గా ఇక్కడే. అప్పుడు వేసవిలో, 8 వారాల్లో అయిపోతుంది కదా అని ఆశపడి చేరాను. ఒక యూనిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు రెండు గంటల సొంత చదువు అని ఇక్కడ లెక్క. 4 యూనిట్ల కోర్సు 16 వారాల సెమిస్టర్‌లో అయితే వారానికి 12 గంటలు పడుతుంది. అదే కోర్సుని 8 వారాల్లో కుదిస్తే 24 గంటలు. ఇంట్లో పిల్లలున్నవాళ్లకి అది దాదాపు అర ఉద్యోగం. ఆ లెక్క చేరకముందే వేసుకోవాల్సింది, వేసుకోలేదు. గడువులోగా వదిలేశాను కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) మీద 'డబ్ల్యూ', అంటే విత్‌డ్రా అయినట్టు గుర్తు, పడింది గానీ జీపీఏ చెడలేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో స్థానికులకి యూనిట్‌కి 46 డాలర్లే కాబట్టి పోయింది 184 డాలర్లు, పుస్తకం ఖర్చు లేదు. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల ప్రీకాల్క్యులస్ పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండోసారి 16 వారాలది తీసుకున్నాను.

మొదటిసారి ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు తెలుసు. నేను బైపీసీ. నా లెక్కలు పదో తరగతితో ఆగిపోయాయి. అక్కడ 30, 45, 60 డిగ్రీల పట్టిక బట్టీ పట్టాను. ఇక్కడ అదే పట్టిక డిగ్రీల్లేకుండా, పై/6, పై/4, పై/3 అని వచ్చేసరికి దీన్నీ బట్టీ పట్టేద్దామనుకున్నాను. వృత్తం చుట్టూ 16 కోణాలు, ఒక్కోదానికి రెండేసి విలువలు. ఆ 32 విలువలూ ఒక రాత్రిలో ఎక్కాయి, తెల్లారేసరికి దిగిపోయాయి. ఇందులో నిజంగా నోటికి రావాల్సినవి మూడంటే మూడు సంఖ్యలు. అవేమిటో చెబుతాను. ముందు వంటింట్లోకి వెళ్లండి.

ఒక స్టీలు కంచం, కాస్త దారం తెచ్చుకోండి. మా కంచం అడ్డంగా 28 సెంటీమీటర్లు, అంటే వ్యాసార్థం 14. కంచం మధ్య నుంచి అంచు దాకా పట్టేంత దారం ముక్క కత్తిరించండి. ఆ ముక్కని అంచు వెంబడి వంపుగా ఆనించి, రెండు కొసల దగ్గరా స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల నుంచీ మధ్యకి గీతలు గీస్తే ఏర్పడే కోణమే ఒక రేడియన్. సూత్రం అక్కర్లేదు. దారం ఎంత ఉందో అంచు మీద అంతే నడిచాం, అంతే సంగతి.

ఇప్పుడు అదే దారాన్ని గుర్తు నుంచి గుర్తుకి జరుపుతూ కంచం చుట్టూ తిప్పండి. ఆరుసార్లు నిండుగా పడుతుంది, ఆపైన కొంచెం అంచు మిగులుతుంది. మా కంచానికి చుట్టుకొలత సుమారు 88 సెంటీమీటర్లు. ఆరు పధ్నాలుగులు 84. మిగిలింది 4 సెంటీమీటర్లు, అంటే దారంలో 0.28 వంతు. మొత్తం 6.28. ఇది రెండు 'పై'లు. పెద్ద పెనం తీసుకున్నా చిన్న సాసర్ తీసుకున్నా ఇదే సంఖ్య వస్తుంది. నమ్మకం లేకపోతే చేసి చూడండి, నేను మూడు గిన్నెల మీద చేశాను.

కాబట్టి పూర్తి చుట్టు 2పై, అర చుట్టు పై. 'పై' కనిపించగానే 3.14 అనుకోకండి, 'అర చుట్టు' అనుకోండి. నా చదువంతా మలుపు తిరిగింది ఈ ఒక్క అలవాటుతోనే. పై/6 అంటే అర చుట్టుని ఆరు ముక్కలు చేస్తే ఒక ముక్క. 4పై/3 అంటే అర చుట్టుని మూడు ముక్కలు చేసి, అలాంటివి నాలుగు తీసుకోవడం. డిగ్రీల్లో ఇస్తే 180తో భాగించి పక్కన పై పెట్టాలి: 150 డిగ్రీలు అంటే 150/180, అంటే 5/6, అంటే 5పై/6.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇక్కడ ఒక లాభం ఉంది, ఇన్నాళ్లూ నేను గమనించలేదు. వృత్తం మీద ముక్కని మనం చాపం అంటాం, దాని రెండు కొసల్నీ కలిపే గీతని జ్యా అంటాం. చాపమంటే విల్లు, జ్యా అంటే వింటినారి. ఈ 'జ్యా'లో సగమే మన సైన్. ఆ మాట 'జీవా'గా అరబ్బీలోకి వెళ్లి, అక్కడ 'జైబ్'గా చదివి, లాటిన్‌లో 'సైనస్' అయి, చివరికి 'సైన్' అని మన దగ్గరికే తిరిగొచ్చింది. ఆర్యభటుడు 499లో తన జ్యా పట్టికకి వ్యాసార్థం 3438 తీసుకున్నాడు. ఎందుకా వింత సంఖ్య? చుట్టు 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కళలు (ఇంగ్లీషులో మినిట్లు), మొత్తం 21,600. దాన్ని 2పైతో, అంటే 6.2832తో భాగించి చూడండి. వ్యాసార్థాన్ని చాపం కొలిచే కొలతతోనే కొలిచాడన్నమాట. మనం దారంతో ఇప్పుడు చేసిందీ అదే. 'రేడియన్' అనే పేరు మాత్రం 1873లో జేమ్స్ థామ్సన్ బెల్‌ఫాస్ట్‌లో ఇచ్చిన పరీక్ష ప్రశ్నల్లో మొదటిసారి అచ్చయింది.

ఇక యూనిట్ సర్కిల్. వ్యాసార్థం 1 ఉన్న వృత్తం. అంచు మీద ఎక్కడ నిలబడ్డా, మధ్య నుంచి అడ్డంగా ఎంత దూరం ఉన్నామో అది కాస్, నిలువుగా ఎంత ఎత్తులో ఉన్నామో అది సైన్. కుడివైపు, ఎత్తు సున్నా దగ్గర మొదలై, గడియారం ముల్లుకి ఎదురు దిశలో నడుస్తాం.

గోడ గడియారాన్ని మనసులో పెట్టుకోండి. 3 దగ్గర మొదలు. గడియారంలో ఒక గంట దూరం 30 డిగ్రీలు, అంటే పై/6. పై/3 అంటే రెండు గంటలు, పై/4 అంటే గంటన్నర. ఇప్పుడు సైన్ 5పై/6 కావాలి. 3 నుంచి వెనక్కి అయిదు గంటలు: 2, 1, 12, 11, 10. పది దగ్గర ఆగాం. అడ్డగీత మీదున్న 9కి ఒక్క గంట దూరం, అంటే పై/6. అదే రిఫరెన్స్ యాంగిల్. గీతకి పైనే ఉన్నాం కాబట్టి ఎత్తు ధనాత్మకం. సైన్ పై/6 ఎంతో అంతే: 1/2.

కాస్ 4పై/3 చూద్దాం. 4పై/3 అంటే 8పై/6, ఎనిమిది గంటలు. వెనక్కి లెక్కపెడితే 7 దగ్గర ఆగుతాం. 9కి రెండు గంటల దూరం, అంటే పై/3. మధ్యకి ఎడమవైపు ఉన్నాం కాబట్టి కాస్ రుణాత్మకం. జవాబు మైనస్ 1/2.

చూశారుగా, నోటికి కావాల్సినవి 1/2, √2/2, √3/2 మాత్రమే. ఒక గంటకి సైన్ 1/2, గంటన్నరకి √2/2, రెండు గంటలకి √3/2. కాస్‌కి ఇవే మూడూ తిరగేసిన వరసలో వస్తాయి: ఒక గంటకి √3/2, గంటన్నరకి √2/2, రెండు గంటలకి 1/2. గుర్తు ధనమా రుణమా అన్నది గడియారంలో ఎటువైపు ఉన్నామో చూస్తే తెలిసిపోతుంది. మా ఆయన ఎంపీసీ. పక్క నుంచి విని, "దీనికి ఇంత గొడవెందుకు, ఆల్ సిల్వర్ టీ కప్స్ అంటే చాలు కదా" అన్నారు. ఇక్కడి పిల్లలు అదే సంగతిని 'ఆల్ స్టూడెంట్స్ టేక్ కాల్క్యులస్' అని గుర్తుపెట్టుకుంటారు. ఏ పాదంలో (వృత్తంలో నాలుగో వంతులో) ఏది ధనాత్మకమో చెప్పే మాటలివి. ఏదైనా పనికొస్తుంది గానీ, కుడి ఎడమలు తెలిసినవాళ్లకి రెండూ అవసరం లేదని నా అభిప్రాయం. ఆయన ఒప్పుకోలేదు.

రేడియన్‌తో వచ్చే అసలు సుఖం ఇది: చాపం పొడవు కావాలంటే వ్యాసార్థాన్ని కోణంతో గుణిస్తే చాలు. దారం ముక్కలు ఎన్ని పట్టాయన్నదే కోణం కాబట్టి ఇది వేరే సూత్రం కూడా కాదు. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ వెడల్పు మామూలుగా 1200 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి రెక్క కొస దాకా 0.6 మీటర్లు. నిమిషానికి 300 చుట్లు తిరుగుతోందనుకుందాం. చుట్టుకి 2పై చొప్పున నిమిషానికి 600పై రేడియన్లు. 0.6తో గుణిస్తే 360పై మీటర్లు, సుమారు 1131. గంటకి దాదాపు 68 కిలోమీటర్లు! పల్లెవెలుగు బస్సుని దాటిపోయే వేగంతో రెక్క కొస మన నెత్తి మీదే తిరుగుతోంది.

ఇప్పుడు నా మార్కులు పోయిన కథ. టైమర్ పెట్టిన క్విజ్‌లో 'సైన్ 2' విలువ అడిగారు. నా కాల్క్యులేటర్ అంతకుముందు వారం త్రిభుజాల లెక్కల కోసం డిగ్రీ మోడ్‌లో పెట్టింది పెట్టినట్టే ఉంది. 0.0349 అని వేశాను. అసలు జవాబు 0.909. దాని మీద ఆధారపడ్డ తర్వాతి రెండు ప్రశ్నలూ పోయాయి. డిగ్రీ గుర్తు లేని కోణం ఎప్పుడూ రేడియనే. టీఐ-84 కాల్క్యులేటర్ వాడేవాళ్లు పరీక్షకి కూర్చోగానే మోడ్ బటన్ నొక్కి చూసుకోండి. నెట్‌లో దొరికే డెస్మోస్ కాల్క్యులేటర్ అయితే మొదటి నుంచీ రేడియన్లలోనే ఉంటుంది, మార్చాలంటే రెంచ్ బొమ్మ నొక్కాలి. చిన్న పరీక్ష: సైన్ 30 కొట్టండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు, మైనస్ 0.988 వస్తే రేడియన్లలో ఉన్నట్టు.

ఇంకోటి, ఆన్‌లైన్ హోంవర్క్ దిద్దేది మనిషి కాదు. 'ఎగ్జాక్ట్ వాల్యూ' అని అడిగితే √3/2 అనే వెయ్యాలి. 0.866 వేస్తే తప్పంటుంది, మీరెంత వాదించినా వినదు. రెండుసార్లు అలా తప్పని వచ్చాక, నా చేతిరాత ఫోటో తీసుకుని ఆఫీస్ అవర్స్‌లో, అంటే విద్యార్థుల సందేహాల కోసం ప్రొఫెసర్ కేటాయించే సమయంలో, జూమ్‌లోకి వెళ్లాను. క్లాసులో ముప్పై మందికి పైగా ఉన్నాం, అక్కడ నేనొక్కదాన్నే. ఇరవై నిమిషాలు అచ్చంగా నాకే చెప్పారు. వెళ్లండి, మొహమాటపడకండి.

ఈవారం అభ్యాసం. కాల్క్యులేటర్ వద్దు.

1. 225 డిగ్రీలని రేడియన్లలోకి మార్చండి. గడియారంలో ఎక్కడుంటుంది?
2. సైన్ 11పై/6, కాస్ 3పై/4, టాన్ 5పై/4 కనుక్కోండి. టాన్ అంటే సైన్‌ని కాస్‌తో భాగించడం.
3. మైనస్ 2పై/3 ఎక్కడికి చేరుతుంది? ఈసారి ముల్లు దిశలోనే నడవాలి.
4. 14 అంగుళాల పిజ్జాని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక ముక్క అంచు పొడవెంత? 14 అన్నది వ్యాసం, జాగ్రత్త.

మూడోది చేశాక, అదే చోటికి ధనాత్మక కోణంతో ఎలా చేరొచ్చో కూడా రాయండి. జవాబులు 7వ భాగంలో. అప్పుడు కంచం అంచుని తిన్నగా సాగదీసి గ్రాఫ్ కాగితం మీద పరుస్తాం, సైన్ అల అక్కడ పుడుతుంది. కాబట్టి దారం పారెయ్యకండి. కంచం మాత్రం కడిగేసుకోవచ్చు.