బోటు మునగక ముందే పిలవండి

"ఏవండీ, పాత బోటొకటి ఉంది, ఎంతకు తీసుకుంటారు?" అని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఒక్కటే. తేలుతోందా, మునిగిందా? తేలుతుంటే నేనే మీకు డబ్బిచ్చి తీసుకెళ్తాను. మునిగితే మీరే నాకివ్వాలి. ఈ మాట చెప్పగానే అవతల కాసేపు చప్పుడుండదు.

మాది కాకినాడ. మా నాన్న తాళ్ళరేవులో బోట్లు కట్టే వడ్రంగి, నేను వాటిని విప్పేవాణ్ణి. పగలగొట్టడం వేరు, విప్పడం వేరు. పగలగొడితే కట్టెలు మిగులుతాయి, విప్పితే కర్ర మిగులుతుంది. ఆయన కట్టిన బోటు కూడా ఒకటి నా చేతికే వచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ముందు కాగితాలు. బోటు పక్కన రాసి ఉండే ఐఎన్‌డి-ఏపీ రిజిస్ట్రేషన్ నంబరు మత్స్యశాఖ రికార్డులో మీ పేరునే ఉందో లేదో చూసుకోండి. అప్పుంటే బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం, అన్నదమ్ముల వాటా ఉంటే అందరి సంతకాలు తీసుకోండి. ఒకసారి సగం పలకలు ఊడదీశాక చిన్న తమ్ముడొచ్చి "నన్నడక్కుండా ఎవరు కొయ్యమన్నారు?" అని రంపం లాక్కున్నాడు. నాలుగు రోజుల కూలి నాకే పడింది. విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, రిజిస్ట్రేషన్ రద్దుకు అర్జీ పెట్టండి. బోటు ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండర్ ప్రభుత్వం అమర్చి ఉంటే శాఖకే అప్పజెప్పండి. ఎవరిదో తెలియని బోటు మీ రేవులో కుళ్ళుతుంటే మాత్రం మీరు చెయ్యి వెయ్యకండి. నంబరు రాసుకుని మత్స్యశాఖకో పోర్టు వాళ్ళకో చెప్పండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఖాళీగా ఉంటారులే అనుకుని అప్పుడు పిలుస్తారు. ఒడ్డు మీద జాగా దొరకనిదీ, వడ్రంగులు దొరకనిదీ అప్పుడే. బోట్లన్నీ మరమ్మతుకు పైకెక్కేది ఆ రెండు నెలల్లోనే. ఫిబ్రవరి, మార్చి మేలు.

ఇక మునిగిన బోటు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును బయటికి తీసేసరికి అక్టోబరు 22 అయింది. తీసింది మా కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందమే. 2024 సెప్టెంబరులో కృష్ణ వరదకు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగులుకున్న ఇనప బోట్లయితే క్రేన్లకు కూడా కదల్లేదు. నీళ్ళలోకి దిగి కొయ్యడానికి కూడా చూశారు. ఉప్పుటేరులో మునిగే మన చేపల బోటు అంత పెద్దది కాదు. కానీ దాని బరువు కంటే బురద పట్టు ఎక్కువ. పాటు సమయంలో, అంటే నీరు దిగినప్పుడు, దిగి, కాలితో తడుముతూ అంచు వెంట నడిచి చూస్తాను. కాలి వేళ్ళు అంచు కిందికి దూరితే బోటు లేస్తుంది. దూరకపోతే ముందు పంపుతో అడుగుకు నీళ్ళు కొట్టి బురద వదిలించాలి. అది చెయ్యకుండా లాగితే పైభాగం ఊడి చేతికొస్తుంది, అడుగు అక్కడే ఉంటుంది.

తర్వాత డ్రమ్ములు. 200 లీటర్ల ఖాళీ డ్రమ్ము మూత గట్టిగా బిగించి నీళ్ళలో ముంచితే, దాని సొంత బరువు పోను 180 కిలోల దాకా లేపుతుంది. పది కడితే 1,800 కిలోలు. పాటులో అటూ ఇటూ సమంగా కట్టి, నీరు ఎక్కే పోటు కోసం కూర్చోవడమే. అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా ఎక్కుతుంది, ఆ రోజులే పెట్టుకోండి. లాగే తాడు బోటు మీద వలలు లాగే వించ్‌కు కట్టొద్దు. నేను కట్టాను ఒకసారి. వించ్ దిమ్మతో సహా పెకిలి వచ్చింది, తాడు నా చెవి పక్కనుంచి పోయింది. తాడు బిగిసి ఉండగా దాని వరసలో ఎవరూ నిలబడకూడదు.

ఒడ్డుకొచ్చాక అందరికీ ఇంజిన్ మీదే కన్ను. కాస్త ఆగండి. చేపలు పెట్టే గది మూత తీసి ఒక రోజంతా వదిలెయ్యండి. కుళ్ళిన చేప, మురుగునీరు కలిసి విషవాయువు పుడుతుంది. మొదట కోడిగుడ్డు కుళ్ళిన వాసన కొడుతుంది, తర్వాత వాసనే తెలియదు. తెలియలేదంటే పోయిందని కాదు, ముక్కు చచ్చిపోయిందని. ఫ్యాను పెట్టి గాలి కొట్టించి, ఒకణ్ణి పైన కాపలా ఉంచాకే దిగాలి. లోపల ఒకడు పడిపోయాడని రెండోవాడు గబుక్కున దూకితే ఇద్దరూ పోతారు.

డీజిలు, ఇంజినాయిలు, అడుగున నిలిచిన జిడ్డు నీళ్ళు డ్రమ్ముల్లోకి తోడండి. ఏటిలోకి వదిలితే కోరింగ మడ అడవుల దాకా పోతుంది. జిడ్డు పైకి తేలాక వేరు చేసి, లైసెన్సున్న వాళ్ళకే ఇవ్వండి. పాత బ్యాటరీ బ్యాటరీ షాపువాళ్ళు తీసుకుంటారు. ఖాళీ డీజిల్ ట్యాంకు దగ్గరికి గ్యాస్ కట్టర్ తేవొద్దు, ఖాళీ ట్యాంకే పేలుతుంది. ట్యాంకు నిండా నీళ్ళు నింపించాకే నేను కట్టర్ ముట్టిస్తాను. బోటును నడిపే కంచు ఫ్యాను (ప్రొపెల్లర్) మాత్రం మొదటి రోజే ఊడదీసి ఇంటికి తీసుకెళ్ళండి, రెండో రాత్రికి ఉండదు.

కర్ర బోటయితే పలకల సందుల్లో దూది, గుగ్గిలం గీకి, మేకు మేకూ లాగి విప్పుతాం. మంచి పలకలు పశువుల పాకలకు పోతాయి. అడుగు రంగు వేసిన ముక్కల్ని హోటల్ పొయ్యికి గానీ, చేపలు పొగబెట్టే చోటుకు గానీ అమ్మకండి. పురుగు పట్టకుండా వేసే ఆ రంగులో విషం ఉంటుంది.

ఫైబర్ బోటే నా తలనొప్పి. కరిగించి మళ్ళీ వాడుకునే సరుకు కాదు, మట్టిలో కుళ్ళదు. తగలబెడితే నల్లటి పొగ, గాజు నూగు ఊరంతా. గ్రైండర్‌తో కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ, మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకుని కొయ్యాలి. అయినా రెండు రోజులు ఒళ్ళంతా దురదే. విదేశాల్లో ముక్కల్ని సిమెంటు బట్టీల్లో వాడుతున్నారు. మనకు ఆ దారి దొరికేదాకా పారిశ్రామిక వ్యర్థాల యార్డుకు పంపడమే, లేదా బోటును బోటుగానే ఇంకోచోట వాడడం. నా పెరట్లో రెండున్నాయి. ఒకదాంట్లో గేదెలు నీళ్ళు తాగుతాయి, రెండోదాన్ని బోర్లించి వలలు దాచుకున్నాం. సముద్రంలో ముంచేస్తే చేపలకు ఇల్లవుతుందని చెప్పేవాళ్ళ మాట వినకండి. వలలు చిరిగి మీ పక్కింటివాడే తిడతాడు.

లారీ వెళ్ళిపోయాక నేను ఇంకో గంట ఉంటాను. నీరు పాటు పట్టాక, పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి బురద మీద ఈడుస్తాను. పోయినసారి అర తట్ట మేకులు వచ్చాయి. పొద్దున్నే పిల్లలు పీతల కోసం ఒట్టి కాళ్ళతో దిగేది అక్కడే.