నెట్‌వర్క్ పాఠాలు – 3: ప్యాకెట్ లోపలికా, బయటికా?

గత పాఠంలో ప్రతి యంత్రానికీ రెండు చిరునామాలుంటాయని చెప్పుకొన్నాం. మ్యాక్ అడ్రస్ 48 బిట్లు (బిట్ అంటే ఒక 0 లేదా ఒక 1). నెట్‌వర్క్ కార్డు తయారయ్యేటప్పుడే దానికి ఇస్తారు. ఐపీ అడ్రస్, మనం ఇక్కడ వాడే నాలుగో వెర్షన్‌లో (IPv4), 32 బిట్లు. యంత్రం ఏ నెట్‌వర్క్‌లో చేరితే దాన్ని బట్టి మారుతుంది. ఒక్క యంత్రానికి రెండెందుకన్న ప్రశ్నను ఈ పాఠానికి వాయిదా వేశాం.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఉందనుకోండి. గేటు పక్కన కాంటా గదిలో ఒక కంప్యూటర్, లోపల ఆఫీసులో ఇంకొకటి. లారీ కాంటా ఎక్కగానే బరువు ఆఫీసు కంప్యూటర్‌కు చేరి, అక్కడ స్లిప్పు ప్రింటవుతుంది. రెండూ ఒకే స్విచ్‌కు, అంటే కంప్యూటర్ల కేబుళ్లను కలిపే పెట్టెకు, తగిలించి ఉన్నాయి. ఇంటర్నెట్ తెచ్చే రౌటర్ కూడా ఆ స్విచ్‌కే ఉంది. యాసంగి ధాన్యం లారీలు బారులు తీరిన రోజున ఇంటర్నెట్ పోయిందంటే స్లిప్పులు ఆగుతాయా? ఆగవు. ఎందుకు ఆగవో చెప్పగలిగితే నెట్‌వర్క్ సగం వచ్చినట్టే.

కాంటా కంప్యూటర్ ఐపీ 192.168.1.20, ఆఫీసుది 192.168.1.35, రౌటర్‌ది 192.168.1.1 అనుకుందాం. ప్యాకెట్ (పంపే సమాచారపు ముక్క) పంపే ముందు కాంటా కంప్యూటర్ ఒకే ఒక విషయం తేల్చుకుంటుంది: అవతలివాడు నా నెట్‌వర్క్‌లోనే ఉన్నాడా, బయట ఉన్నాడా? దీన్ని తేల్చేది సబ్‌నెట్ మాస్క్. మన మిల్లులో అది 255.255.255.0. 255 అంటే ఎనిమిది బిట్లూ 1 అని అర్థం. మాస్క్‌లో 1 ఉన్న చోట చిరునామా బిట్లను ఉంచి, 0 ఉన్న చోట చెరిపేస్తే నెట్‌వర్క్ భాగం మిగులుతుంది. 192.168.1.20కీ 192.168.1.35కీ ఈ లెక్క వేయండి. రెంటికీ 192.168.1.0 వస్తుంది. కాబట్టి ఇద్దరూ ఒకే నెట్‌వర్క్. రౌటర్‌తో పనే లేదు.

అయితే స్విచ్‌కు ఐపీ అడ్రస్‌తో పని ఉండదు. అది చూసేది మ్యాక్ అడ్రస్‌ను. 35వ నంబరు మ్యాక్ ఏమిటో కాంటా కంప్యూటర్‌కు తెలియాలి. అందుకు ఏఆర్‌పీ అనే పద్ధతి 1982 నుంచి ఉంది. మిల్లు ఆవరణలో లారీ నంబరు కేకేసి పిలిస్తే డ్రైవర్లందరూ వింటారు, ఆ లారీ డ్రైవరే పలుకుతాడు. ఏఆర్‌పీ అచ్చం అదే. ‘192.168.1.35 ఎవరు?’ అన్న ప్రశ్న నెట్‌వర్క్‌లోని అందరికీ వెళ్తుంది, 35 ఒక్కటే తన మ్యాక్ చెబుతుంది. మాటిమాటికీ అడగకుండా కాంటా కంప్యూటర్ ఆ జవాబును కాసేపు పట్టికలో దాచుకుంటుంది.

ఇప్పుడు అసలు మెలిక. చాలామంది తడబడేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా చదవండి. కాంటా కంప్యూటర్ ఇంటర్నెట్‌లో ఉన్న 8.8.8.8కు (అది గూగుల్ సర్వర్) ప్యాకెట్ పంపాలి. మాస్క్‌తో లెక్క వేస్తే 8.8.8.0 వచ్చింది, అంటే బయటివాడు. బయటివాణ్ని కేకేసి లాభం లేదు, కేక మన నెట్‌వర్క్ దాటదు. కాబట్టి డిఫాల్ట్ గేట్‌వేగా, అంటే బయటికి వెళ్లే దారిగా, తన సెట్టింగుల్లో రాసి ఉన్న రౌటర్ మ్యాక్‌ను ఏఆర్‌పీతో అడుగుతుంది. బయలుదేరే ప్యాకెట్‌లో గమ్యం ఐపీ 8.8.8.8, ప్యాకెట్‌ను చుట్టి ఉండే ఫ్రేము అనే తొడుగులో గమ్యం మ్యాక్ మాత్రం రౌటర్‌ది. రౌటర్ ఆ ఫ్రేమును విప్పి, తన తర్వాతి మజిలీ కోసం కొత్తది తొడుగుతుంది. ప్రతి మజిలీలో ఫ్రేము మారుతుంది, గమ్యం ఐపీ చివరిదాకా అదే. రెండు చిరునామాలు ఎందుకంటే ఇందుకే: ఒకటి పక్క మజిలీకి, ఒకటి చివరి గమ్యానికి.

నా మాట నమ్మనక్కర్లేదు, విండోస్ కంప్యూటర్‌లో మీరే చూడండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig అని కొడితే మీ ఐపీ, మాస్క్, గేట్‌వే కనిపిస్తాయి. తర్వాత ping 8.8.8.8 అని కొట్టండి, అవతలివాడు పలుకుతాడో లేదో చూసే పిలుపు అది. ఆపైన arp -a అని కొట్టండి. పట్టికలో మీ రౌటర్ ఉంటుంది. 8.8.8.8 ఎంత వెతికినా ఉండదు.

ఐపీ 169.254తో మొదలైతే మాత్రం ముందుకు వెళ్లకండి. చిరునామా ఇచ్చేవాడు దొరక్క కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్నది అది. కేబులో వైఫైయో చూసుకోండి. దేనికైనా ‘నెట్ లేదు’ అని ఒకే మాట అనేవాళ్లను చూస్తే నాకు విసుగు. గేట్‌వే పింగ్‌కు పలికి 8.8.8.8 పలకకపోతే, చాలావరకు లోపం రౌటర్‌లోనో దాని అవతలో ఉంటుంది. స్విచ్‌ను పీకి లాభం లేదు.

అభ్యాసం: ఆఫీసు కంప్యూటర్ ఐపీని 192.168.1.140కి మార్చారు. కాంటా కంప్యూటర్‌లో మాస్క్ పొరపాటున 255.255.255.128 అని పడింది. స్లిప్పులు మామూలుగానే వస్తున్నాయి. ఒకరోజు రౌటర్ కాలిపోయింది, స్విచ్ బాగానే ఉంది. స్లిప్పులు వస్తాయా? కాగితం మీద 128ని బిట్లుగా రాసుకుని లెక్క వేయండి. జవాబుతో నాలుగో పాఠం మొదలుపెట్టి, రౌటర్ తన దారులను ఎలా ఎంచుకుంటుందో చూద్దాం.