గరుకు ప్లాస్టిక్ భాగాలకు రంగు వేసుకునే తీరు

బరంపురంలో మా బళ్ల బంపర్ల కింది నల్లటి గరుకు ప్లాస్టిక్ కొన్నేళ్లకే బూడిద రంగుకు తిరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలే దీనికి ముఖ్య కారణం. చాలామంది డీజిల్‌తో తుడిచి సరిపెడతారు. ఆ మెరుపు నిలవదు సరికదా, దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

ముందుగా ఆ భాగం లోపలి వైపు అచ్చువేసిన గుర్తు చూడండి. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్; దానికి మామూలు ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) సరిగా పట్టదు కనుక, ప్లాస్టిక్ కోసమే తయారైన ప్రైమర్‌ను తప్పనిసరిగా వాడాలి.

అసలు పని అంతా శుభ్రం చేయడంలోనే ఉంది. గిన్నెల సబ్బు నీటిలో ముంచిన పాత పళ్ల బ్రష్‌తో సన్నని గుంతల్లోకి పోయేలా రుద్దితే, ఇరుక్కున్న పాత వ్యాక్స్, మట్టి కలిసి మురికి నురగగా కారతాయి. నీరు తేటగా దిగేదాకా ఆపవద్దు. బాగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఉప్పుకాగితం గరుకునే అరగదీస్తుంది కాబట్టి గిన్నెలు తోమే పీచులాంటి బూడిదరంగు స్కఫ్ ప్యాడ్‌తో తేలికగా రుద్దితే చాలు.

చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, ముక్కుకు మాస్కు కట్టుకొని, వాన లేని పొద్దున నీడలో ప్రైమర్ కొట్టండి. అది ఆరాక స్ప్రే డబ్బాను అడుగు దూరంలో పట్టుకొని, మెరుపు లేని మ్యాట్ నలుపును 10 నిమిషాల విరామంతో పలుచగా 3 పూతలు వేయండి. మందంగా వేస్తే గుంతలు పూడిపోతాయి, తిరిగి తేవడం చాలా కష్టం.

వారం దాకా కడగవద్దు. ఆపై బాడీకి పూసే వ్యాక్స్ ఈ భాగానికి తగలనివ్వకండి, తెల్ల మరకలు పడతాయి. గోపాలపూర్ తీరానికి వెళ్లివచ్చిన రోజున మాత్రం మంచినీళ్లతో ఉప్పు కడిగేయండి.