చేపల పులుసు రాత్రంతా బయట ఉంచుతున్నారా?

మా నెల్లూరు చేపల పులుసు ఈరోజు వండి రేపు తింటేనే రుచి, అందులో రెండో మాట లేదు. కానీ చింతపండు పులుపుంది కదా, ఏ క్రిమీ బతకదులే అని చట్టిని రాత్రంతా పొయ్యి గట్టు మీద వదిలేయకండి. సాల్మొనెల్లా, ఈ-కోలి లాంటి క్రిములు కొద్దిపాటి పులుపుకు ఒకసారి అలవాటు పడ్డాయంటే ఇంకా ఎక్కువ పులుపును, ఆఖరికి మన కడుపులోని యాసిడ్‌ను కూడా తట్టుకుంటాయి. ఈ-కోలి అయితే తన లోపలికి చేరిన ఆమ్లాన్ని గ్లుటమేట్ అనే పదార్థంతో విరిచేసుకుంటుంది. పొద్దున వేడిచేస్తాంలే అంటారు, కొన్ని క్రిములు వదిలిన విషం ఎంత మరిగించినా పోదు. అందుకే వండిన 2 గంటల్లోపు, మన ఎండాకాలంలో అయితే గంటలోపే, వెడల్పు గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మామిడికాయ ముక్కకు పులుసు అక్కడా చక్కగానే పడుతుంది. తినేముందు నడిమధ్య కూడా బుడగలొచ్చేలా తెర్లనివ్వండి.