ఇంగ్లీష్ క్రియలకు ఈడీ చేర్చేటప్పుడు స్పెల్లింగ్ తప్పకుండా రాయడం ఎలా?

మా పాప హోంవర్క్‌లో ‘స్టాప్డ్’ చుట్టూ టీచర్ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. ఒక పి తగ్గింది. “హెల్ప్‌కి ఒక్క పి చాలు కదా నాన్నా, దీనికి రెండెందుకు?” అంది పాప. అడగాల్సిన ప్రశ్నే. జవాబు క్రియ చివరి అక్షరాల్లో ఉంది.

ముందు అది భూతకాలంలో ఈడీ తీసుకునే క్రియేనా చూడండి. గో, ఈట్ లాంటివి వెంట్, ఏట్ అని రూపమే మార్చుకుంటాయి. వాటిని బట్టీ పట్టాల్సిందే.

చివర ఈ ఉంటే డి ఒక్కటి చాలు: లైక్, డాన్స్, అగ్రీ.

చివర వై ఉంటే దాని ముందు అక్షరం చూడండి. స్టడీ, క్యారీల్లోలా హల్లు ఉంటే వై తీసేసి ఐ, ఈ, డి రాయాలి. ప్లే, ఎంజాయ్‌లలోలా అచ్చు ఉంటే వై అలాగే ఉంటుంది. పే, సే మాత్రం ఈ దారిన రావు. వాటి చివర ఎ, ఐ, డి వస్తాయి.

అసలు తికమకంతా రెట్టింపు దగ్గరే. ఒక్క విడతలో పలికే చిన్న మాటైతే చివరి మూడు అక్షరాలు చూడండి. హల్లు, ఒకే అచ్చు, మళ్లీ ఒకే హల్లు ఉంటే చివరి హల్లును రెండుసార్లు రాయాలి: స్టాప్, ప్లాన్. హెల్ప్ చివర ఎల్, పి రెండూ హల్లులే. రెయిన్, కుక్‌లలో అచ్చులు రెండు. వీటికి రెట్టింపు వద్దు. డబ్ల్యూ, ఎక్స్ ఎప్పుడూ రెట్టింపు కావు: స్నో, ఫిక్స్.

ఈ రెట్టింపు ఊరికే పెట్టింది కాదు. ‘ట్యాప్డ్’లో ఒక పి తీసేస్తే అది ‘టేప్డ్’ అయిపోతుంది. తిను, విను మనకూ తిన్నాను, విన్నాను అవుతాయి కదా. కాకపోతే మనం ఆ ఒత్తు పలుకుతాం. ఇంగ్లీష్‌లో అది ముందున్న అచ్చును పొట్టిగా ఉంచడానికే.

పెద్ద మాటల్లో ఎక్కడ నొక్కి పలుకుతారో చూడాలి. అడ్మిట్, ప్రిఫర్‌లలో నొక్కు చివర, కాబట్టి రెట్టింపు. విజిట్, ఓపెన్, ఆఫర్‌లలో మొదట, కాబట్టి వద్దు. మన చెవికి ఈ తేడా అంత సులువుగా అందదు. డిక్షనరీలో ఉచ్చారణ చూడండి, నొక్కే భాగం ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది.

ట్రావెల్, క్యాన్సిల్‌లకు నొక్కు మొదటే అయినా బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు రాస్తారు, అమెరికన్ పద్ధతిలో ఒకటే. ఫోన్ రెండు ఎల్‌లు రాస్తే తప్పంటుంటే కీబోర్డ్ భాష అమెరికన్ ఇంగ్లీష్‌లో ఉందేమో చూసుకోండి.

ఆ సాయంత్రం పాప చేత ప్లాన్, నీడ్, క్యారీ, విజిట్ రాయించాను. విజిట్ దగ్గర ఆగి, రెండుసార్లు పైకి పలికి, ఒకే టి రాసింది.